ఎదురీతలో పోయిన పద్దెనిమిది సెకన్లు

పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, మొత్తానికి సరిపోయింది అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ మాట ఎక్కువగా అనేది చదువుకున్నవాళ్ళే. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. అయినా చెబుతున్నాను, సరిపోదు. నీళ్ళలో అసలే సరిపోదు.

బోధన్‌కు, వర్నికి నడుమ పెద్ద కాలువ నుంచి చీలిన ఒక పిల్లకాలువ మీద నేను లష్కర్‌గా పనిచేశాను. షట్టర్లు ఎత్తడం, దించడం, గోడ మీది కొలబద్ద చూసి నీటి మట్టం రిజిస్టరులో రాయడం, చెరుకు తోటలకు, వరి మళ్ళకు వంతు ప్రకారం నీళ్ళు వదలడం నా పని. ఓవర్సీరు ఒకాయన బదిలీ మీద పోతూ పారేసిన లెక్కల పుస్తకం నాకు దొరికింది. మొదటి ముప్పై పేజీలు చినిగిపోయి ఉన్నాయి. మిగతావి పట్టుకుని భాగహారాలు, దశాంశాలు నేర్చుకున్నాను. అడుగులు, గజాలు పోయి మీటర్లు వచ్చిన కొత్త రోజులవి. ఓవర్సీర్లే తడబడుతుంటే నేను రెండు పద్ధతుల్లోనూ నోటిలెక్క చెప్పేవాణ్ణి.

నీళ్ళ జోరు కొలవడం నాకు ఆటలాంటిది. ఎండిన బెండు ముక్క ఒకటి కాలువలో వేసి, అది యాభై మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవాణ్ణి. సెకన్ల ముల్లున్న పాత జేబు గడియారం ఒకటి నా దగ్గర ఉండేది. నన్ను ఎవరూ కొలవమనలేదు. ఊరికే రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి.

మా ఇల్లు షట్టరు పక్కనే. నా బిడ్డ అక్కడే ఈత నేర్చుకుంది. మా దగ్గర పిల్లల నడుముకు బెండ్లు కట్టి నీళ్ళలో వదులుతారు. ఈత వస్తున్నకొద్దీ ఒక్కొక్క బెండు తీసేస్తారు. దానికి ఆరో ఏడు నిండేసరికి ఆఖరి బెండు తీసేశాను. పదమూడో ఏట ఏడో తరగతి పూర్తి చేసింది. మా ఊరి బడి అంతవరకే. ఆ పైన చదవాలంటే బోధన్ పోవాలి. పన్నెండు కిలోమీటర్లు, బస్సు లేదు. ఇంక చాలు, ఇంట్లో ఉంటుందిలే అనే మాట మా ఇంట్లో అప్పటికే రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను రిజిస్టరు పట్టుకుని షట్టరు దగ్గరికి పోయాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో బడి పంతులు ఒక కాయితం తెచ్చాడు. దేశం తరఫున ఈదిన పెద్ద ఈతగాడు ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, పదిరోజులు జిల్లా పిల్లలకు ఈత నేర్పుతాడట. చివర పరీక్ష పెట్టి ఆరుగురిని ఎంపిక చేసి హైదరాబాదులో నెలరోజుల శిబిరానికి పంపుతారట. అక్కడ నిలబడినవాళ్ళకు సర్కారు హాస్టల్లో సీటు, మెట్రిక్ దాకా చదువు. ఆ చివరి వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను.

కాయితంలో ఉన్నది జిల్లా పిల్లలు అని. టౌను పిల్లలు అని లేదు, ఊరి పిల్లలు అని లేదు. ఆ భేదం తర్వాత పుట్టింది. నిజామాబాదులో ఈ కార్యక్రమం పెట్టిన క్లబ్బుకు ఈత కొలను ఉంది. ఆ క్లబ్బు సెక్రటరీ ఒక వకీలు. ఒకరోజు జీపులో మా కాలువ చూడటానికి వచ్చాడు.

"ఏమోయ్ లష్కర్, నీళ్ళల్ల ముండ్లు గిట్ల లేకుంట సాఫ్ చేయించు. పెద్ద మనిషి వస్తుండు."

"పిల్లలందరు ఇక్కడికే వస్తరా వకీల్ సాబ్?"

"టౌను పిల్లలు క్లబ్బుల, ఊర్ల పిల్లలు ఇక్కడ."

"గట్లెందుకు సాబ్? అందరికి ఒక్కతాన్నే పెడ్తె అయిపోవు గద."

"మీ పోరగాండ్లు బర్లతోని ఈదేటోళ్ళు. గా కాళ్ళతోని కొలనుల దిగితే నీళ్ళన్ని మార్చాలె. ఒక్కసారి నింపాల్నంటె ఎన్ని దినాలు పడ్తదో ఎరికేనా నీకు?"

కొలను పొడుగు, వెడల్పు, లోతు, పైపు సైజు చెబితే గంటలతో సహా లెక్క చెప్పగలనని అనబోయాను. అనలేదు. నౌకరి చేసేవాడి నోటికి కూడా ఒక షట్టరు ఉంటుంది.

ఈతగాడు వచ్చాడు. ఆయన మంచి గురువు, ఆ మాట దాచను. ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దున మా కాలువ దగ్గర, సాయంత్రం క్లబ్బులో. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది పిల్లలు వచ్చేవాళ్ళు. అందులో ఆడపిల్లలు ఇద్దరే. గట్టు మీద బట్టలు ఉతికే ఆడవాళ్ళు చేతులాపి చూసేవాళ్ళు.

"గీ సారు మనిషేనా, చాపనా అక్క?"

"చాపైతె నీకేంది? ఇంటికి కొంచవోయి పులుసు పెడ్తవా?"

మా పిల్లలు తల పైకెత్తి ఈదుతారు. కాలువలో ముళ్ళకంప కొట్టుకొస్తుంది, పాము కొట్టుకొస్తుంది, చూసుకోవాలి. ఆయన ఆ అలవాటు మాన్పించాడు. "తల లోపల పెట్టు బేటీ. నీళ్ళు నిన్ను మోస్తయి, నువ్వు నీళ్ళను మొయ్యకు" అనేవాడు. మూడు రోజుల్లో నా బిడ్డ ముఖం నీళ్ళలో పెట్టి, పక్కకు తిప్పి గాలి పీల్చడం నేర్చుకుంది. ఇంటికొచ్చి నులకమంచం మీద బోర్లా పడుకుని అదే చేసేది. "పిల్లకు మెడ పట్టిందేమో చూడుండ్రి" అని నా భార్య కంగారు పడింది.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున మా దగ్గర, సాయంత్రం క్లబ్బులో. అందరికీ వంద మీటర్లే. క్లబ్బు కొలను పాతిక మీటర్ల పొడుగు, అందులో నాలుగు సార్లు. మా కాలువలో, పారే నీళ్ళ వెంట యాభై మీటర్లు కిందికి పోయి, అక్కడ పాతిన వెదురుబొంగు చుట్టి, ఎదురెక్కి యాభై మీటర్లు పైకి రావాలి. ఒకరి తర్వాత ఒకరు. ఈతగాడు పై చివర స్టాప్‌వాచీతో నిలబడ్డాడు. ఎవరైనా అలసిపోతే పట్టుకోవడానికి మోకుతో నన్ను కింద బొంగు దగ్గర నిలబెట్టారు.

మొదలు పెట్టకముందే అడిగాను. "సార్, ఎదురుకు మస్తు టైం పడ్తది గద. కొలనుల నీళ్ళు కదలయి. రెండు టైములు ఒక్కటే లిస్టుల ఎట్ల రాస్తరు?"

ఆయన నవ్వాడు. "అరె భాయ్, పోయేటప్పుడు లాభం, వచ్చేటప్పుడు నష్టం. పోను రాను బరాబర్."

పంతులు తల ఊపాడు. సెక్రటరీ తల ఊపాడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేనూ తల ఊపాను. నా తల మీద నాకే కోపం వచ్చే సంగతుల్లో అదొకటి.

చేతిలో మోకు ఉన్నా కన్ను గడియారం మీదికి పోయింది. అలవాటు. పైన ఈల వేయగానే ఒకసారి, పిల్ల బొంగు చుట్టగానే ఒకసారి, పైన మళ్ళీ ఈల వినగానే ఒకసారి చూసి పదకొండు మందికీ రాసుకున్నాను. నా బిడ్డ కిందికి రావడానికి ముప్పైఆరు సెకన్లు, పైకి పోవడానికి ఎనభైరెండు. మొత్తం నూట పద్దెనిమిది. అందరికంటే ముందు వచ్చినవాడు చందూరు పిల్లవాడు. ముప్పైఐదు, డెబ్బైఏడు, మొత్తం నూట పన్నెండు.

మధ్యాహ్నం షట్టరు గోడ మీద కూర్చుని ఆ అంకెలను చూస్తూ ఉన్నాను. కిందికి వచ్చేటప్పుడు నా బిడ్డ సెకనుకు నూట ముప్పైతొమ్మిది సెంటీమీటర్లు ఈదింది. పైకి పోయేటప్పుడు అరవైఒకటి. కిందికి వచ్చే వేగంలో నీళ్ళ జోరు కలిసింది, పైకి పోయే వేగంలో అదే జోరు తీసేసింది. కాబట్టి రెంటినీ కూడి సగం చేస్తే పిల్ల సొంత ఈత తేలుతుంది. కూడితే రెండు వందలు. సగం వంద. అంటే నిలిచిన నీళ్ళలో వంద మీటర్లకు వంద సెకన్లు. మరి కాలువలో పట్టింది నూట పద్దెనిమిది. ఆ పద్దెనిమిది సెకన్లు ఎక్కడికి పోయాయి?

ఎక్కడికి పోయాయో వెంటనే అర్థమైంది. నీళ్ళు సాయం చేసింది ముప్పైఆరు సెకన్లే. అడ్డం పడింది ఎనభైరెండు సెకన్లు. సాయం చేసే చోట తొందరగా దాటిపోతాం, అడ్డం వచ్చే చోట ఎక్కువసేపు ఉంటాం. బరాబర్ ఎట్లా అవుతుంది? నమ్మకం కుదరక బెండు ముక్క వేసి చూశాను. యాభై మీటర్లకు నూట ఇరవైఎనిమిది సెకన్లు. అంటే సెకనుకు ముప్పైతొమ్మిది సెంటీమీటర్లు. పిల్ల రెండు వేగాల తేడాలో సగం కూడా సరిగ్గా ముప్పైతొమ్మిదే. నా లెక్క తప్పు కాదు. పదకొండు మందికీ అదే లెక్క కట్టి ఒక కాయితం మీద రాసుకున్నాను.

మర్నాడు తెల్లారకముందే బోధన్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి నిజామాబాదు పోయాను. క్లబ్బు వసారాలో లిస్టు అంటించారు. ఆరు పేర్లూ కొలనువే. ఆరో పిల్లవాడి టైము నూట ఆరు సెకన్లు. కాలువ పిల్లల పదకొండు పేర్లూ కింద వరుసగా ఉన్నాయి, చందూరు పిల్లవాడితో మొదలై. ఆ ఆరుగురు పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళూ చేతులు నొప్పి పుట్టేలా ఈదినవాళ్ళే. కానీ నా దగ్గరున్న కాయితం ప్రకారం కాలువ పిల్లల్లో నలుగురు నూట ఆరు కంటే తక్కువలో రావాలి. వాళ్ళలో నా బిడ్డ ఒకతి.

ఈతగాడు ఆ వసారాలోనే చాయ్ తాగుతున్నాడు. రాత్రి రైలుకు పోయేవాడు. పక్కన సెక్రటరీ. నేను కాయితం ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. సెక్రటరీ మధ్యలోనే అందుకున్నాడు.

"ఎంత చదివినవోయ్?"

"నాలుగో తరగతి సాబ్."

"నాలుగో తరగతోడు వచ్చి దేశానికి ఈదినాయనకు ఈత నేర్పుతుండు! సార్, మీరు చాయ్ తాగుండ్రి."

కౌంటరు వెనక గుమాస్తా కిసుక్కుమన్నాడు.  కానీ కోపంలో లెక్క చెడకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. మెల్లగానే అన్నాను.

"సార్, ఒక్క మాట. నేను తక్కువ ఈతగాన్ననుకోండ్రి. నా ఈత జోరు, నీళ్ళ జోరు ఒక్కటే ఉన్నయి. కిందికి రెండింతల జోరుతోని పోత. మంచిదే. మరి మర్లి ఎట్ల వస్త? కాళ్ళు చేతులు కొట్టుకుంట ఉన్నకాన్నే ఉంట. పొద్దుగూకెదాక కొట్టుకున్నా అక్కన్నే ఉంట. పోను అర్ధ నిమిషం కలిసొచ్చింది, రాను అసలు రానే రాలె. ఇది బరాబరా సార్?"

ఈతగాడు కప్పు కింద పెట్టాడు.  తర్వాత కాయితం తన వైపు తిప్పుకున్నాడు.

"పొద్దున నేను ఈ కొలనులో వంద ఈదిన. అరవైఎనిమిది సెకన్లు. చలో లష్కర్, నీ కాలువలో కూడా ఈదుత. అదే టైం వస్తే ఈ కాయితం చింపుతవా?"

"చింపి మింగుత సార్."

సెక్రటరీ జీపులో ముగ్గురం పోయాం. దారి పొడుగునా సెక్రటరీ పెట్రోలు గురించే మాట్లాడాడు.

ఎర్రటి ఎండలో ఈతగాడు కాలువలో దూకాడు. అంత అందమైన ఈత నేను మళ్ళీ చూడలేదు. కిందికి బాణంలా పోయాడు. బొంగు చుట్టి పైకి తిరిగాక, ఎంత పెద్ద ఈతగాడైనా, ఆ భుజాల బరువు మాకు కనిపించింది. గట్టెక్కి స్టాప్‌వాచీ చూసుకున్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. డెబ్బైఐదు.

"ఏడు సెకన్లు," అన్నాడు. "ఏడు సెకన్లంటే ఎంతో తెలుసా లష్కర్? నాలుగేండ్లు రోజూ పొద్దున్నే లేచి ఈదితే నాకు తగ్గింది మూడు సెకన్లు."

"మీకు ఏడు, సార్. ఈత తక్కువున్నోళ్ళకు ఇంక ఎక్కువ పోతది. పిల్లలకు పదహారు, పద్దెనిమిది పోయినయి."

ఆయన నా కాయితం మొత్తం చదివాడు. నలుగురి అంకెల దగ్గర వేలు పెట్టి ఆగాడు. అంతవరకూ నాకు ఆయన మీద గౌరవమే. అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది.

"నువ్వు చెప్పింది సహీ. కానీ లెక్క కట్టింది టైం అని రాయలేను. ఈదింది రాస్త. ఆ నలుగురూ ఎక్కడున్నరు?"

"నా బిడ్డ ఇక్కన్నే ఉన్నది. ఒకడు చందూరు, జీపుల పోను అర్ధగంట, రాను అర్ధగంట. మిగిలినోళ్ళు ఇద్దరు వర్నికి అవతల, ఇంకో గంట."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట. రైలు రాత్రికి. సెక్రటరీ అన్నాడు, "సార్, క్లబ్బుల సన్మానం ఉన్నది నాలుగింటికి. కలెక్టరాఫీసోళ్ళు వస్తరు. పూలదండలు గిట్ల అన్ని చెప్పి పెట్టినం."

"ఉన్న ఒక్క అమ్మాయినైనా కొలనుకు తీస్కపోదామా?" అని ఈతగాడు అడిగాడు.

"మెంబరు పిల్లలు కానోళ్ళను దింపాలంటె కమిటీ ఒప్పుకోవాలె. ఆదివారం మీటింగు."

ఆయన అక్కడ గట్టిగా ఒక్క మాట అని ఉంటే సెక్రటరీ దిగొచ్చేవాడు. దండలు ఎవరి కోసం చెప్పారు? ఆయన కోసమే కదా. చందూరు పోదాం పద అంటే జీపు పోయేది. ఆయన అనలేదు. సెకనులో పదోవంతును కూడా వదలని మనిషికి రెండు గంటలు దొరకలేదు. సన్మానానికి దొరికాయి. 

"నిలిచిన నీళ్ళు ఎక్కడన్నా ఉన్నయా దగ్గర్ల? బావి గాని?" అన్నాడు.

బావులు ఉన్నాయి. యాభై మీటర్ల బావి ఎక్కడుంటుంది? అప్పుడు నాకు నా రెండు షట్టర్లు కనిపించాయి. పై షట్టరు దించి కింది షట్టరు కూడా దించితే నడుమ నీళ్ళు ఎటూ పోలేవు. మెడలోతు నీళ్ళు, యాభై మీటర్లకు పైనే పొడుగు. ఓవర్సీరు హుకుం లేకుండా, వంతు నడుస్తుండగా షట్టరు దించడం అంటే నౌకరి పోగొట్టుకునే పని. నేను షట్టరు చక్రం మీద చెయ్యి వేయగానే నా భార్యకు అర్థమైపోయింది. ఇంట్లోంచి పరుగున వచ్చింది.

"ఏం జేస్తున్నవ్? నౌకరి పోతే ఏం తింటం?"

"ఇరవై నిమిషాలే."

"ఇరవై నిమిషాలల్ల పోయే నౌకరి ఇరవై ఏండ్లు పట్టింది నీకు సంపాదించనీకి!"

లెక్క ఆమెకు నాకంటే బాగా వచ్చు. అయినా దించాను.

నీళ్ళు నెమ్మదించడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. బెండు ముక్క వేశాను. వేసిన చోటే తిరిగింది. నా బిడ్డ నీళ్ళలో దిగుతుండగా కింది నుంచి అరుపు వినిపించింది. ఆ గంట వంతు ఉన్న చెరుకు రైతు పార పట్టుకుని గట్టు మీద వస్తున్నాడు.

"ఎవడన్న మూసింది? నా తోట సగం తడ్వకముందే! ఏమే లష్కరన్న, నిద్రవోయినవా?"

"నేనే మూసిన. నీళ్ళు ఎటువోవు, ఆగినయి గంతే. మల్ల ఇడుస్త."

"ఆగిన నీళ్ళు నా వంతు అయిపోయినంక వస్తే ఎవని తోట పారుతది? పక్కోనిది. ఇదేం లెక్కనే?"

ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. పొద్దుటి నుంచి ఎవరి లెక్క తప్పని నేను మండిపడుతున్నానో, ఆ తప్పే నేను ఇంకొకరి మీద రుద్దుతున్నాను.

"నీ వంతు అయినంక ఎన్ని నిమిషాలు మూసిననో అన్ని నిమిషాలు ఎక్కువ ఇడుస్త. పక్కాయనకు నేను చెప్పుకుంట."

రైతు పార మీద గడ్డం ఆనించి కాలువలోకి చూశాడు. "ఏంది, పిల్ల ఈదనీకా? మరి చెప్పవేంది ముందుగాల. ఈదు బిడ్డా, జెల్ది ఈదు. నా చెరుకు ఎండుతున్నది."

ఈల పడింది. ముఖం లోపల పెట్టి, పక్కకు తిప్పి గాలి పీలుస్తూ పోయింది. బొంగు చుట్టింది. వచ్చింది. ఈతగాడు వాచీ నొక్కి నాకు చూపించాడు. నూట ఒకటి. నా లెక్క కంటే ఒక సెకను ఎక్కువ. అది నా గడియారం తప్పో, మిట్టమధ్యాహ్నపు అలుపో నాకు తెలియదు.

సెక్రటరీ వద్దంటున్నా, ఈతగాడు జీపు బానెట్ మీద లిస్టు పెట్టి ఏడో పేరుగా నా బిడ్డను రాసి సంతకం చేశాడు. "ఆరే సీట్లు సార్" అని సెక్రటరీ అంటే, "ఏడో సీటు సంగతి నేను హైదరాబాదులో చూసుకుంట" అన్నాడు. చూసుకున్నాడు కూడా. నా బిడ్డ శిబిరానికి పోయింది. హాస్టలు సీటు వచ్చింది. మెట్రిక్ దాకా చదివింది. అదంతా ఆయన సంతకం చలవే. ఆ సంతకం పెట్టిన చెయ్యే మిగతా ముగ్గురి దగ్గర ఆగిపోయింది. ఆయనను తలుచుకుంటే మొక్కాలో తిట్టాలో తేలక చివరికి తిట్టుకుంటూనే ఉంటాను.

రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాశాను. "రెండు షట్టర్లు ఇరవైరెండు నిమిషాలు బంద్. కారణం: ఈత." కొత్త ఓవర్సీరు మెమో ఇచ్చాడు. నన్ను పిలిచి, "అరే, చెత్త అడ్డం పడ్డదని రాస్తే అయిపోతుండె గదనయ్యా" అన్నాడు. చెత్త అని ఎట్లా రాయను?

మా దగ్గర ఎవరూ మిగతా ముగ్గురి ఊసెత్తలేదు. పంతులుకు చెబితే "అయిపోయిందేదో అయిపోయింది" అన్నాడు. క్లబ్బుకు ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. బిడ్డ హైదరాబాదు పోయిన వారానికి నేను సైకిలు మీద చందూరు పోయాను. ఆ పిల్లవాడి టైము నా దగ్గర ఉంది. వాడిది వాడికి తెలియాలి కదా అనుకున్నాను. అదొక్కటే నా ఆలోచన.

ఆ పిల్లవాడు, తండ్రి నారుమడి దున్నడానికి గట్లు సరిచేస్తున్నారు. తండ్రి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. నేను కాయితం తీసి అంతా చెప్పాను. నిలిచిన నీళ్ళయితే వీడికి తొంభైఆరు సెకన్లు, ఆ లిస్టులో ఆరుగురి లోపలే ఉండేవాడని చెప్పాను. తండ్రి మధ్యలో ఆపకుండా విన్నాడు.

"గిది చెప్పనీకి ఇంతదూరం వచ్చినవా అన్న?"

"చెప్పాలె గద."

"చెప్పకుంటనే బాగుండె. ఇన్నొద్దులు పోరడు ఓడిపోయిండు అనుకున్నం. ఓడిపోతే ఏమున్నది, మంచిగనే బువ్వ తిని పంటుండె. ఇప్పుడు గెలిచిండంటివి. గెలిచినోన్ని ఇంట్ల ఎట్ల కూసోవెట్టుకోవాలె?"

 పిల్లవాడు బురద చేతులతో దగ్గరికి వచ్చి కాయితం మీదికి వంగి చూశాడు. అంకెలు బాగానే చదవగలిగాడు.

"గిది మీ పిల్లదా?" అని నా బిడ్డ గీత మీద వేలు పెట్టాడు.

"అవును బిడ్డా."

"కాలువల నేనే ముందు వచ్చిన గదనె."

"నువ్వే ముందు వచ్చినవ్."

"నిలిచిన నీళ్ళల్ల గుడ నేనే ముందు."

"నువ్వే ముందు."

"మరి గామె ఎట్ల వోయింది, నేనెట్ల వోలె?"

అబద్ధం చెప్పడానికి చాలా దారులు ఉన్నాయి. క్లబ్బు మీదికి నెట్టవచ్చు, దండల మీదికి నెట్టవచ్చు. అవన్నీ నిజాలే కూడా.

"మా ఇల్లు షట్టరు పక్కకున్నది," అన్నాను. "మీ ఇల్లు లేదు. అందుకే."

వాడు "గట్లనా," అని పార అందుకుని మళ్ళీ గట్టు మీదికి పోయాడు. తండ్రి ఇచ్చిన చెంబు ఖాళీ చేసి, కాయితం వాళ్ళ గూట్లో పెట్టి, సైకిలెక్కాను.